ఊరు వెలివేసింది, పట్నం వాడుకుంది

పట్నం చుట్టుపక్కల ఊర్ల నుంచి మన కార్యకర్తలు ఎవరు వచ్చినా ఈ మధ్య ఒకటే ముచ్చట. "సారూ, పెద్ద రోడ్డొస్తదంట. బ్రోకర్లు వాడకే వచ్చి కూసుంటున్నరు. అసైన్డ్ భూమి ఎట్లైనా సర్కారు గుంజుకుంటది, ఇప్పుడే ఎంతకో అంతకు ఇచ్చేస్తే ఆ పైసలతోని పట్నంల ఇంత జాగ కొనుక్కోవచ్చు అంటున్నరు. ఏం జెయ్యమంటరు?" అడిగే మనిషి మారుతున్నాడు గానీ, బ్రోకరు చెప్పే మాట అన్ని ఊర్లలో ఒక్కటే.

అమ్మొద్దు అని ఒక్క ముక్క చెప్పి పంపించొచ్చు. కానీ ఎందుకు అమ్మొద్దో చెప్పాలంటే ఆ పట్నం మనకు ఏమవుతుందో ముందు మాట్లాడుకోవాలి. అమ్మినవాడు ఆఖరికి చేరేది అక్కడికే. భూమి పోయిన ఊరి మనిషి గొడవ వేరు, జాగ లేని బస్తీ మనిషి గొడవ వేరు అనుకున్నంతకాలం రెండూ తెగవు. చాలా ఇళ్ళల్లో వాళ్ళిద్దరూ అన్నదమ్ములే.

పల్లె తల్లి లాంటిది, పట్నం రాకాసి లాంటిది అని మన భాషలో పాటలకూ కథలకూ కొదవ లేదు. అవి రాసిన చాలామందికి ఊరి నడిమధ్యన ఇల్లుంది, ఇంట్లో బావుంది, చెరువు కింద పొలముంది. మనకు ఊరి చివర వాడ ఉంది, హోటల్లో వేరే గ్లాసు ఉంది. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ బాబాసాహెబ్ అంబేద్కర్ ఊరిని పొగిడేవాళ్ళ నోరు మూయించారు. రాజ్యాంగం ఊరిని పక్కనబెట్టి మనిషిని లెక్కలోకి తీసుకున్నందుకు సంతోషమన్నారు. ఆ మాట ఎందుకన్నారో వాడలో పుట్టినవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు.

1985 జూలైలో కారంచేడు మాదిగలు ప్రాణాలు అరచేత పట్టుకొని పరిగెత్తింది చీరాల పట్నానికి. 1991 ఆగస్టులో చుండూరు మాలలు తలదాచుకుంది తెనాలిలో. ఊరు చంపడానికి వచ్చిన రోజున పక్క ఊరు అడ్డుపడలేదు. పట్నంలో చర్చి ఆవరణ ఉంది, ఆస్పత్రి ఉంది, పత్రికలవాళ్ళు ఉన్నారు, మన సంఘాలున్నాయి. పట్నం మనల్ని ప్రేమించి పిలిచిందని అనడం లేదు. పట్నంలో పారిపోయి దాక్కోవడానికి సందులున్నాయి, ఊర్లో లేవు. అంతే తేడా. కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు అది చిన్న తేడా కాదు.

హైదరాబాదునే చూడండి. భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టింది ఈ పట్నంలోనే. 1910లో ఇసామియా బజారులో, లింగంపల్లిలో మన పిల్లలకు బడులు తెరిచిందీ ఇక్కడే. ఆ రోజుల్లో పల్లెల్లో మన పిల్లవాడు పలక పట్టుకుంటే వీపు చిట్లేది. ఈ పట్నం మాలమాదిగ వాడల్లో అప్పటికే సంఘాలున్నాయి, సభలున్నాయి, కూలీ చేసుకుంటూనే చదువు చెప్పించాలన్న పట్టుదల ఉంది. కాబట్టి హైదరాబాదు మనం నిన్న మొన్న మూటా ముల్లె కట్టుకొని వచ్చిపడ్డ చోటు కాదు. నూరేళ్ళకు పైగా మన ఉద్యమానికి ఇది సొంతూరు. ఇసామియా బజారు పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని పక్కకే వస్తాం.

అయినా పట్నంలో మనం ఎంతమందిమి? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి 31 మంది పట్నాల్లో ఉంటే, షెడ్యూల్డ్ కులాల్లో మాత్రం నూటికి 24 మంది కూడా లేరు. కూలికి పిలిచే పట్నం కాపురానికి పిలవదు. ఆ సంగతి తెలుసుకోవాలంటే టు-లెట్ బోర్డు పట్టుకొని ఒక ఆదివారం తిరిగితే చాలు.

ఈ రాసేవాడికి సర్కారు నౌకరీ ఉంది, జీతం ఒకటో తారీఖుకు కాకపోయినా పదో తారీఖుకైనా పడుతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, గొడవలు లేవు. అయినా ఇరవై ఏళ్ళల్లో ఏడు ఇళ్ళు మారాను. ఇల్లు చూసేటప్పుడు మొదట ఊరి పేరు అడుగుతారు. తర్వాత ఇంటి పేరు. అప్పటికీ అంతు చిక్కకపోతే, మాంసం తింటారా అంటారు. తింటామంటే, ఏ మాంసం అంటారు. ఆదివారం చర్చికి పోతారా అని ఒక ఇంటామె ఎంతో మర్యాదగా అడిగింది. ఇంకొకాయన ఇవేం లేకుండా సూటిగా "మీరేమట్లు?" అన్నాడు. ఆయనే నయం. నేను చెప్పాను. అడ్వాన్సు తీసుకోవడానికి చాపిన చెయ్యి వెనక్కి పోయింది. "మా బామ్మర్ది వస్తనన్నడు సారూ, ఇప్పుడే ఫోనొచ్చింది" అన్నాడు. ఫోను టేబుల్ మీదే ఉంది. అది మోగింది నేను వినలేదు.

కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చిన అంబేద్కర్‌కు 1917లో బరోడాలో ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకొని ఉంటే, లాఠీలు పట్టుకొని వచ్చి వెళ్ళగొట్టారు. ఇప్పుడు లాఠీలు లేవు, బామ్మర్దులున్నారు. చట్టం సంగతి చూద్దామంటే, దుకాణాల్లో, హోటళ్ళలో, బావుల దగ్గర వివక్ష కూడదని రాజ్యాంగం 15వ అధికరణం పేరు పెట్టి చెప్పింది. కిరాయి ఇంటి ముచ్చట అందులో లేదు. పైగా, తమ మతం వాళ్ళకే సభ్యత్వమని ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ పెట్టుకున్న నియమం చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇప్పుడు పట్నం చుట్టూ గోడలు కట్టుకొని, గేట్లు పెట్టుకొని లేస్తున్న కాలనీలను చూడండి. అగ్రహారం పాతబడిందని ఎవరన్నారు? దానికి లిఫ్టు వచ్చింది, ఈతకొలను వచ్చింది. అంతే.

అందుకే మనోళ్ళు బస్తీకి పోతారు. బస్తీలో ఎవరూ కులం అడగరు, ఎందుకంటే అడగకుండానే తెలుసు. అడిగినా పెద్దగా పట్టింపు ఉండదు. మాల, మాదిగ, ముస్లిం, వడ్డెర, చాకలి, పక్క రాష్ట్రం నుంచి వచ్చిన కూలీ, అందరివీ ఒకే గోడకు ఆనుకున్న ఇళ్ళు. మోరీ పక్కన, నాలా పక్కన, మూసీ ఒడ్డున. పెద్దోళ్ళకు అక్కర్లేని జాగల్లో మనం గుడిసె వేశాం. చెత్త ఎత్తిపోసి, మట్టి నింపి, చందాలు వేసుకొని బోరు దించి, నాయకుడి చుట్టూ తిరిగి కరెంటు తెచ్చుకొని, ఇరవై ముప్ఫై ఏళ్ళకు ఆ జాగను మనుషులుండే చోటు చేశాం. చోటు అయ్యాక, ఇది అందమైన జాగ అని వాళ్ళకు తెలిసింది.

ఇక్కడే మూసీ సంగతి మాట్లాడాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి పట్నాన్ని ఊడ్చేసింది. ఆ తర్వాత 1912లో నగర అభివృద్ధి బోర్డు వచ్చింది, వరదను ఆపడానికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ బోర్డు కూడా మురికివాడలు తొలగించింది, కానీ తొలగించినచోట పేదలకు ఇళ్ళు కట్టే పని కూడా పెట్టుకుంది. నిజాం కాలాన్ని పొగడాలని నాకు మోజేం లేదు. రాజుల కాలంలో తట్టిన ఆలోచన మన ఓట్లతో ఏర్పడ్డ ప్రభుత్వాలకు ఎందుకు తట్టదు అని మాత్రం అడుగుతున్నా.

2024 సెప్టెంబర్ నెలాఖరులో మూసీ ఒడ్డున ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బి-ఎక్స్ అని రాసిపోయారు. నదీగర్భంలో ఉన్న ఇల్లు అని దాని అర్థమట. అక్టోబర్ మొదట్లో చాదర్‌ఘాట్ దగ్గరి మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్ళు కూల్చడం మొదలుపెట్టారు. భాగ్యరెడ్డివర్మ బడి పెట్టిన ఇసామియా బజారుకు ఆ బస్తీలు ఎంతో దూరం లేవు. 114 ఏళ్ళ కింద ఎక్కడైతే మన పిల్లలకు అక్షరం చెప్పడం మొదలైందో, దాదాపు అక్కడే పిల్లల పుస్తకాల సంచులు బయటపెట్టి ఇంటి గోడ కూల్చారు. అది విద్యా సంవత్సరం నడిమధ్య. బడి నడిపేవాడికి ఇది ఏమిటో తెలుసు. పిల్లవాడు ఒకరోజు రాడు, వారం రాడు, నెలాఖరుకు హాజరుపట్టీలో వాడి పేరు ఎర్రసిరాతో కొట్టేస్తాం. గోడ మీద ఎర్రరంగు, పట్టీలో ఎర్రసిరా. ఇల్లు మారిన పిల్లలందరూ కొత్తచోట బడిలో చేరతారని ఏ అధికారీ పూచీ పడడు.

మూసీ శుభ్రం కావద్దని మనం అనడం లేదు. ఆ కంపు పీల్చింది మనమే, దోమకాటుకు జ్వరపడ్డదీ మనమే. వాన గట్టిగా పడ్డ రాత్రి నిద్రపోకుండా నీళ్ళు ఎంతవరకొచ్చాయో చూసుకుంటూ కూచున్నదీ మనమే. కానీ మూసీని మురికి చేసింది ఒడ్డున ఉన్న గుడిసెలా? కోటి మంది పట్నం మురుగంతా పైపుల్లో, నాలాల్లో అందులోకే కదా పోయింది. పై అంతస్తులో మీట నొక్కినవాడు కనపడడు, ఒడ్డున కూచున్నవాడు కనపడతాడు. నేరం కనపడ్డవాడి మీద పడుతుంది.

ఇళ్ళిచ్చాం కదా అంటారు. ఇచ్చారు. కొందరికి చంచల్‌గూడ దగ్గర పిల్లిగుడిసెలలో కట్టిన రెండు పడకగదుల ఇళ్ళిచ్చారు. పని చేసుకునే జాగకు దగ్గర. ఆ ఇళ్ళు మంచివా చెడ్డవా అన్నది తర్వాత, దగ్గరలో ఇళ్ళు కట్టివ్వడం సాధ్యమేనని మాత్రం సర్కారే రుజువు చేసింది. మరి రెండు పడకగదుల ఇళ్ళల్లో అన్నింటికన్నా పెద్ద కాలనీ ఎక్కడ కట్టారు? సంగారెడ్డి జిల్లా కొల్లూరులో, ఔటర్ రింగు రోడ్డు అంచున. 15,660 ఇళ్ళు, 2023 జూన్‌లో ప్రారంభించారు. పట్నం నడిబొడ్డున నాలుగిళ్ళల్లో అంట్లు తోమే ఆడమనిషి కొల్లూరు నుంచి పొద్దున ఆరింటికి పనికెట్లా చేరాలి? రానూపోనూ ఛార్జీలకు, దారిలో పోయే గంటలకు ఆమె జీతంలో ఎంత మిగలాలి? ఇల్లొచ్చిందని సంతోషపడి పోయి, తాళం వేసి, మళ్ళీ పని దగ్గర బస్తీలో కిరాయికి దిగినవాళ్ళు మన ఎరుకలోనే ఉన్నారు. ఇల్లంటే నాలుగు గోడలు, కప్పు అనుకునేవాడు ప్లాను గీస్తే ఇట్లాగే ఉంటుంది. మనకు ఇల్లంటే పనికి నడిచిపోయేంత దూరం, బిడ్డ బడి, పక్కింటి అప్పు, రాత్రి దవాఖానకు తీసుకుపోయే ఆటో.

ఇంకొక సంగతి బస్తీల్లో పనిచేసేవాళ్ళు మరిచిపోవద్దు. కూల్చివేతల లెక్కల్లో ఇంటి యజమాని పేరే ముందు ఎక్కుతుంది. అదే ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్న కుటుంబం పేరు రాయించకపోతే, సామాను రోడ్డు మీద, మనిషి లెక్కలో లేడు. సర్వేకు వచ్చిన రోజు కిరాయిదారులు కూడా ఇంటి ముందు నిలబడి పేరు రాయించుకోవాలి, రాసినట్టు కాగితం అడగాలి.

కోర్టులున్నాయి కదా అంటారు. 1985లో ఓల్గా టెలిస్ కేసులో, బతుకుతెరువు హక్కు కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పు. అయితే ఆ బొంబాయి ఫుట్‌పాత్ వాసులను వానాకాలం పోయాక ఖాళీ చేయించొచ్చని కూడా అదే తీర్పు చెప్పింది. 2024 నవంబర్ 13న బుల్డోజర్ల మీద ఇంకో తీర్పొచ్చింది. నోటీసు ఇచ్చి 15 రోజులు ఆగకుండా ఇల్లు కూల్చరాదంది. మనోళ్ళు మిఠాయిలు పంచారు. తీర్పు పూర్తిగా చదివితే చిక్కు తెలుస్తుంది. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్కన, నదుల, చెరువుల జాగల్లో అనుమతి లేకుండా కట్టినవాటికి ఆ రక్షణ వర్తించదు. మన బస్తీలు ఎక్కడున్నాయి? సరిగ్గా అక్కడే. కాబట్టి తీర్పు జిరాక్సు జేబులో పెట్టుకొని నిశ్చింతగా పడుకోవద్దు.

2024 జూలైలో వచ్చిన హైడ్రా ఒక సినిమా నటుని కన్వెన్షన్ హాలు కూడా కూల్చింది, పెద్దోళ్ళను కూడా వదల్లేదు కదా అని కొందరు మనోళ్ళే చప్పట్లు కొట్టారు. నిజమే, కూల్చింది. హాలు కూలినవాడు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడో ఒక్కసారి ఆలోచించి చప్పట్లు కొట్టండి.

పట్నం మనల్ని ఎక్కడ ఉండనివ్వదో చూశాం. ఎక్కడికి దించుతుందో కూడా చూడాలి. 2016లో మాదాపూర్‌లో మ్యాన్‌హోల్‌లో విషవాయువుకు నలుగురు చచ్చిపోయారు. చుట్టూ అద్దాల మేడలు, కంప్యూటర్ కంపెనీలు. 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట దింపితే ఇద్దరు పోయారు. మనిషిని మురుగులోకి దించకూడదని 1993 నుంచి చట్టాలున్నాయి, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు, 1993 తర్వాత మురుగులో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. చావు ధర పెరిగింది, దించడం ఆగలేదు. కాంట్రాక్టరు కింద కాంట్రాక్టరు, వాడి కింద మేస్త్రి, వాడి కింద మనవాడు. మనిషి పోయాక మావాడు కాదంటే మావాడు కాదంటారు. ఏ బస్తీలోనైనా ఇట్లాంటి చావు జరిగితే శవం లేవకముందే ఎఫ్ఐఆర్‌లో 2013 చట్టంతోపాటు అట్రాసిటీ చట్టం కూడా రాయించండి. మురుగు పని చేయించడం 2015 సవరణ తర్వాత ఆ చట్టం కింద కూడా నేరమే.

కట్టడం పని సంగతి పాలమూరు వాళ్ళకు నేను చెప్పేదేముంది. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా పాలమూరు లేబరే. బొంబాయిలో కామాటిపురకు ఆ పేరొచ్చింది మన కామాటీల వల్లనే. ఇప్పుడు పొద్దున ఆరింటికి అడ్డా మీద పార, తట్ట పట్టుకొని నిలబడ్డవాళ్ళు కూడా వాళ్ళ మనవలే. స్లాబు వేసిన మేడలోకి రిబ్బను కట్ అయిన మర్నాటి నుంచి మనల్ని రానివ్వరు. గేటు దగ్గర ఆపే వాచ్‌మన్ కూడా మనోడే. ఆపేటప్పుడు వాడు మొహం పక్కకు తిప్పుకుంటాడు.

ఇప్పుడు బ్రోకరు దగ్గరికి వద్దాం.

2023 ఆగస్టులో హైదరాబాదు పక్కన కోకాపేటలో సర్కారు భూమి వేలం వేస్తే ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఒకప్పుడు పశువులు మేసిన గుట్టలు, రాళ్ళు అవి. పట్నం కదిలొస్తే రాయి కూడా బంగారమవుతుందని బ్రోకరుకు తెలుసు, సర్కారుకు తెలుసు. మన వాడకు ఒక్కదానికే తెలియదు, లేదా తెలియకుండా ఉంచుతారు. మనకు పట్టాలిచ్చినప్పుడు మంచి రేగడి ఇవ్వలేదు. ఊరి చివర రాళ్ళగుట్ట, చౌడు, పరంపోగు ఇచ్చారు. మన తాతలు రాళ్ళు ఏరి, కట్టలు పోసి, దాన్ని జొన్న పండే భూమి చేశారు. ఊరి చివర కాబట్టే ఇప్పుడు రింగురోడ్డుకూ, ఫార్మాకూ, లేఅవుట్‌కూ అదే కావలసి వచ్చింది. యాచారం, కందుకూరు మండలాల్లో ఫార్మాసిటీ పేరు చెప్పి భూములు తీసుకున్నప్పుడు పట్టా భూమికి ఒక ధర, అసైన్డ్ భూమికి అంతకన్నా తక్కువ ధర కట్టారు. పక్కపక్క చెలకలు, ఒకే మట్టి, ఒకే వాన. ధర మాత్రం కులాన్ని బట్టి.

అమరావతిలోనూ అంతే. 2015లో భూసమీకరణ మొదలైంది. పట్టా రైతుకు ఇచ్చే ప్లాటు వేరు, అసైన్డ్ రైతుకు 2016 ఉత్తర్వులో రాసిన ప్లాటు వేరు. అసైన్డ్ భూముల్ని భయపెట్టి చవకగా కొన్నారన్న ఆరోపణల మీద 2021లో సిఐడి కేసు కూడా పెట్టింది. ఏ ప్రభుత్వం ఎవరి మీద కేసు పెట్టింది, తర్వాత దాన్ని ఎవరు ఏం చేశారు అన్నది వాళ్ళ కొట్లాట. "ఎట్లైనా సర్కారు గుంజుకుంటది, ముందే అమ్ముకో" అన్న మాట అక్కడా వినపడింది, ఇప్పుడు మన ఊర్లలో వినపడుతున్నదీ అదే మాట. అది మనకు ముఖ్యం.

ఆ మాట అబద్ధమని చెప్పడానికి మన చేతిలో కాగితాలున్నాయి. 1977 నాటి 9వ నంబరు చట్టం అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదంటుంది. కొన్నవాడికి హక్కు రాదు, మొదటిసారి చెయ్యి జారిన భూమిని అసలు పట్టాదారుకో వాడి వారసులకో తిరిగి ఇప్పించొచ్చని కూడా అందులో ఉంది. అంటే మీ తండ్రి తాగుడు కోసమో, బిడ్డ పెండ్లి కోసమో తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి ఉంటే, కథ అక్కడితో అయిపోయినట్టు కాదు. రెండోసారి మాత్రం ఆ దారి లేదు, జాగ్రత్త. ఇక సర్కారు తీసుకుంటే? 2004లో చేవెళ్ళ ఆర్డీవో, మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చి చెప్పింది: ప్రజావసరానికి అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టా భూమి యజమానితో సమానంగా మార్కెట్ ధర కట్టాలి. 2013 భూసేకరణ చట్టం కూడా భూ యజమాని అంటే ఎవరో చెప్పేచోట అసైన్డ్ భూముల వాళ్ళను పేరు పెట్టి కలిపింది. తహశీల్దారు "ఇది సర్కారు భూమే, దయతలచి ఎక్స్‌గ్రేషియా ఇస్తున్నాం" అంటే, ఆ తీర్పు పేరు, ఏడాది చెప్పండి. ఆయనకు తెలుసు. మీకు తెలుసని ఆయనకు తెలియాలి, అంతే.

బ్రోకరు రిజిస్ట్రేషన్ చేయలేడు. ఆ భూమి 22-ఎ నిషేధిత జాబితాలో ఉంటుంది. అందుకే నోటరీ కాగితం, జీపీఏ, ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం అంటాడు. 2020లో ధరణి వచ్చినప్పుడు, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చినప్పుడు ఎవరి పేరు ఎక్కింది, ఎవరిది పోయింది అన్నది ఇంకా చాలామంది చూసుకోలేదు. ఆంధ్రలో 2023లో చట్టం మార్చి, 20 ఏళ్ళు దాటిన అసైన్డ్ భూమిని లబ్ధిదారు అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక అక్రమాలు జరిగాయని ఆ రిజిస్ట్రేషన్లు ఆపారు. అమ్ముకునే హక్కు మనకూ ఉండాలి కదా అని మన మిత్రుల్లో కొందరి వాదన. అందులో న్యాయం లేకపోలేదు, రెడ్డిగారి భూమి అమ్ముకోవచ్చు మాది అమ్ముకోరాదా అన్నది మంచి ప్రశ్నే. అయితే ఆ హక్కు వచ్చిన మర్నాడు లాభపడేది ముందే అగ్రిమెంటు రాయించుకొని కూచున్నవాడు. దీని మీద మన సంఘంలో ఇంకా మాట్లాడుకోవాల్సి ఉంది, ఒప్పుకుంటాను.

ఎకరం అమ్మిన పైసలతో పట్నంలో జాగ కొనొచ్చన్న మాట లెక్క వేసి చూడండి. తెల్లకాగితం మీద అమ్మే భూమికి బ్రోకరిచ్చేది అసలు ధరలో ఒక ముక్క. దానితో పట్నంలో దొరికేది ఇంకొక తెల్లకాగితం జాగే. నాలా పక్కనో, చెరువు శిఖంలోనో, నోటరీ మీద అరవై గజాలు. ఊర్లో పట్టా ఉన్న మనిషి పట్నంలో ఆక్రమణదారు అవుతాడు. మళ్ళీ ఎర్రరంగు డబ్బా పట్టుకొని ఎవడో వస్తాడు.

పట్నానికి రావొద్దని మాత్రం ఈ పత్రిక ఎప్పుడూ చెప్పదు. రండి. పిల్లల్ని చదివించండి, నౌకరీ వెతుక్కోండి, మీరేమట్లు అన్నవాడికి సూటిగా చెప్పి రండి. కాకపోతే వెనక పట్టా ఉంచుకొని రండి. పట్నం పొమ్మన్న రోజున తిరిగిపోవడానికి కాదు, పట్నంలో నిలబడి కొట్లాడేటప్పుడు ఆకలికి లొంగకుండా ఉండడానికి.

మనం సర్కారును అడగవలసింది కూడా తేలిగ్గా చెప్పొచ్చు. బస్తీ ఉన్నచోటే పక్కా ఇల్లు, లేదంటే పనికి నడిచిపోయేంత దూరంలో ఇల్లు. పట్టా ఆడమనిషి పేరు మీద. కిరాయిదారు కూడా లెక్కలోకి రావాలి. 2014 డిసెంబర్‌లో 58వ నంబరు జీవో ఇచ్చి, సర్కారు జాగలో ఉన్న పేదల ఇళ్ళకు 125 గజాల వరకు ఉచితంగా పట్టా అన్నారు. దరఖాస్తు పెట్టి జవాబు రానివాళ్ళు ఆ రసీదులు పారేయొద్దు. కూల్చడానికి వచ్చినవాడికి మొదట చూపించవలసింది అదే. విద్యాసంవత్సరం మధ్యలో ఏ ఇల్లూ కూల్చరాదు. ఇది టీచర్ల సంఘాలు కూడా అడగవలసిన మాట, మా సంఘం ఇంతవరకు అడగలేదు. నాకు సిగ్గుగానే ఉంది.

వచ్చే పక్షం లోపల ప్రతి ఊరి కార్యకర్తా తమ వాడలో అసైన్డ్ పట్టా ఎవరెవరికి ఉంది, పట్టా నంబరు, సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఇప్పుడు ఎవరి సాగులో ఉంది అన్నది ఒక నోటుబుక్కులో రాసి పంపండి. చేయి జారిన భూమి ఉంటే ఏ ఏడాది, ఏ కాగితం మీద జారిందో కూడా రాయండి. సిగ్గుపడి దాచొద్దు. అసలు పట్టా కాగితం మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు, మాక్కూడా. జిరాక్సు చాలు. బస్తీల వాళ్ళు కరెంటు బిల్లు, నల్లా బిల్లు, పిల్లల బడి బోనఫైడ్, ఓటరు కార్డు, అన్నింటికన్నా పాత తేదీ ఉన్నది ఏదుంటే అది ముందు వెతికి పెట్టుకోండి. గోడ మీద రంగు పడ్డాక వెతికితే ట్రంకుపెట్టె ఎక్కడుందో కూడా తెలియదు.